జీడి కాల్చిన చేతులు

మందస,
మంగళవారం

తమ్ముడు పృథ్వీకి,

తెల్లారి నుంచి ముసురు. ఆరబోసిన జీడిపిక్కలన్నీ లోపలికి ఎత్తేసరికి నడుం పడిపోయింది. బట్టీ వెలిగించలేదు. వెలిగించే మనిషి లేచి కూర్చోలేకపోతున్నాడు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానక్కా అని పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం.

అప్పలసూరి మన బట్టీ మనిషని నీకు తెలియదు, ఒప్పుకుంటాను. రైల్లో బాంబుందని కబురొస్తే, కొత్తవలస స్టేషన్లో వేళ్లు నల్లగా కాలి ఉన్నాయని మీ పోలీసు జట్టు అతన్ని పట్టుకుంది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లో, వాళ్లకు తెలియదనుకుందాం. నీకు తెలియదా? కాల్చేటప్పుడు పిక్కల చమురు చిమ్మి అమ్మ వేళ్లు అలాగే ఉండేవి. ఆ చేత్తోనే నీకు అన్నం పెట్టింది. మొదటిసారి ఫోన్లో అడిగితే, "అనుమానం వచ్చిందక్కా, కానీ ఒకవేళ నిజమైతే?" అన్నావు.

అతను చెప్పింది విను. "పిక్కలు కాల్సినానంటే మల్లీ కొట్టినారమ్మా. బాంబు తోటలో పాతినాననీసరికి ఆపినారు. మంచినీల్లు కూడా ఇచ్చినారు."

ఏ తోట అంటే అతనికి తెలిసింది మన తోటే. రెండు రోజులు తవ్వించారు, ఏమీ దొరక్క వదిలేశారు. నిజంగా పెట్టినవాడంటూ ఉంటే ఆ రెండు రోజులూ వాణ్ణి వెతికినవాళ్లు లేరు. అతని పెళ్లాం జగ్గమ్మ, "గోతులు ఎలాగూ తీసినారు, కొబ్బరి మొక్కలు ఎట్టీయండమ్మా" అంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రైల్లో మన శ్రావణి ఉంటే ఏం చేస్తావక్కా అన్నావు. చాలా ఆలోచించాను. నా కూతురు కాబట్టి నేనూ కొట్టమనేదాన్నేమో. అప్పుడూ అతను తోటలో ఉందనే చెప్పేవాడు. ఇది మీకెందుకు అర్థం కాదో నాకు అర్థం కావడం లేదు.

ఆదివారం రా. అతని ఎదుట కూర్చుని తప్పయిందని చెప్పు. ఆ తర్వాతే మన ఇంట్లో భోజనం.

నీ అక్క,
తులసి


మందస,
శనివారం

పృథ్వీ,

వాన తెరిపిచ్చింది. ఈవేళ బట్టీ నేనే వెలిగించాను.

వస్తానన్న నీ కబురు నిన్న అందింది. సంతోషంగానే అప్పలసూరికి చెప్పాను, మా తమ్ముడు వచ్చి నీతో మాట్లాడతాడని.

"ఇంకేటి అడుగుతారమ్మా?" అన్నాడు.

అడగడానికి కాదు, తప్పయిందని చెప్పడానికే అన్నాను. నా మాట అతని చెవికెక్కలేదు.

"ఏటి సెప్పాలో ముందే సెప్పీయండమ్మా. అదే సెప్తాను."

ఎన్ని విధాల చెప్పినా అదే మాట. జగ్గమ్మ గిన్నెలు సర్దుకుంది.

నువ్వు రానక్కర్లేదు. అప్పలసూరి, జగ్గమ్మ ఈ ఉదయం మొదటి బస్సుకి వెళ్లిపోయారు.

తులసి