వోల్ఫ్‌గాంగ్‌ను తిరగేస్తే

చిరంజీవి గాంగోల్ఫ్‌కు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ తాత వోల్ఫ్‌గాంగ్ నోరు మరీ కులాసా. అమ్మ మోకాలి సంగతి అడిగావు. చీపురు పుచ్చుకుని నన్ను తరిమేంత నయమైంది.

ఇక నువ్వడిగిన కాగితం. బడిలో నీ పేరు విని పిల్లలు తోడేలులా ఊళ వేశారనీ, ఇప్పుడు ఓడల కార్ఖానాలోనూ వేస్తున్నారనీ రాశావు. "వోల్ఫ్‌గాంగ్ అనబోయి గుమస్తా తప్పు రాసిందని సంతకం పెట్టు, పేరు మార్పించుకుంటా" అన్నావు. కలం మూడుసార్లు తీశాను, మూడుసార్లూ మూత పెట్టాను.

గుమస్తా ఎర్నా ఏ తప్పూ రాయలేదురా. నేనే చేశాను. నువ్వు పుట్టగానే మనవడికి తన పేరే పెట్టాలని మీ తాత హుకుం వేశాడు. మా పెళ్ళిలో పదిమంది ముందు, ఇళ్ళకు పెంకులు కప్పే నన్ను "కప్పులెక్కే కోతి" అన్న మామగారాయన! పుట్టుకలు నమోదు చేసే ఆఫీసుకెళ్ళి ఆయన పేరును తలకిందులు చేసి చెప్పాను. ఇంట్లో గోల లేచేసరికి నేరం ఎర్నా మీదకు నెట్టాను. ఇరవయ్యారేళ్ళుగా మీ తాత ఆవిడను పలకరించడు.

మొన్న ఆవిడ ఇంటికెళ్ళి, టోపీ తీసి, అంతా కక్కేశాను.

"లేని పేరు నేను రాస్తానటయ్యా? నువ్వు ఇకిలిస్తుంటే అప్పుడే పేర్ల పుస్తకం తిరగేశా," అంది. "గాంగ్ అంటే నడక, వోల్ఫ్ అంటే తోడేలు. మన పాత పేర్లు చాలావరకు రెండు ముక్కల అతుకులు. ఇది ఎటు తిప్పి అతికినా పేరే. అవతలి లోయలో కాథలిక్కుల చిన్న గుడి ఎవరిదనుకున్నావు? పునీత గాంగోల్ఫ్‌ది!"

ఆ గుడి పెంకులు మార్చింది నేనేరా! కప్పు చూశాను గానీ గుమ్మం మీద పేరు చూడలేదు. కొడుక్కి వెక్కిరింత అంటగట్టానని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలిన గుండె మీంచి పెంకుల బండి దిగినట్టయింది.

బంగాళాదుంప ఉండలు తింటుండగా మీ తాతకూ చెప్పాను. నమలడం ఆపి, "పేరు మంచిదే. పెట్టినవాడే వెధవ," అన్నాడు. కోటు తొడుక్కుని నేరుగా ఎర్నా ఇంటికి పోయాడు. ఇంకా రాలేదు.

పేరు ఉంచుకుంటావో మార్చుకుంటావో నీ ఇష్టం. అబద్ధం మీద మాత్రం సంతకం పెట్టను. నిజం కింద ఇదిగో, పెడుతున్నా.

ఇట్లు,
నిన్ను తిరగేసిన నీ నాన్న
ఎక్‌బర్ట్