సంతకం పెట్టని కాగితం

కరుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సమాధి దగ్గర ప్రార్థన చేసి వచ్చి రాస్తున్నాను. మన మిర్చి చేను అమ్మేశాను. కొన్నది, నువ్వుండగా బ్రోకరు సుభానీ తీసుకొచ్చిన మనిషే. "సుభానీకి కమీషన్ ఇస్తానన్న కాగితం మీద మీరు సంతకం పెట్టలేదుగా, మధ్యలో అతనెందుకండీ?" అన్నాడు. నేను తలూపాను, సుభానీకి పైసా ఇవ్వలేదు.

మొన్న సుభానీ వచ్చాడు. "ఎండలో నీ గట్లన్నీ తిప్పి చూపించింది ఎవరు బావా?"

"సంతకం లేదుగా" అన్నాను.

"మార్కెట్ యార్డులో ఇన్నేళ్లూ నోటిమాట మీదేగా మిర్చి అమ్మావు, ఏ సంతకం పెట్టావు?" అని వెళ్లిపోయాడు.

నిన్న గుంటూరులో లాయరును కలిశాను. "సంతకం ఒక్కటే చూడరండీ. పొలం పాస్‌బుక్కు జిరాక్సు ఇచ్చి, పని చేయించుకున్నారు. అదీ ఒప్పుకున్నట్టే కావచ్చు. అసలు మాటిచ్చారా?" అని అడిగాడు. ఫీజు ఇచ్చి వచ్చేశాను.

జిరాక్సు ఇచ్చింది నువ్వు. "ఆయన సంతకం మెల్లగా పెడతాడులే, అన్నా, నువ్వు పని కానివ్వు" అని సుభానీతో అన్నావు. పక్కనే ఉండి నేను కాదనలేదు. సుభానీకి సాక్షివి నువ్వొక్కదానివే. అతను కేసు వేస్తే, నేను గెలవాలంటే, నువ్వు లేవు కాబట్టి ఆ మాటే లేదని కోర్టులో చెప్పాలి.

బీరువాలోంచి ఆ కమీషన్ కాగితం తీశాను. సంతకం పెట్టి సాయంత్రం అతనింటికి వెళ్తాను. దాని మీద అప్పుడు వేసిన తేదీ నువ్వున్ననాటిదే.