ఓబన్న ఇచ్చిన మొక్కజొన్న కంకి

మే 14, కొడైకెనాల్

మార్కెట్లో స్వెట్టర్లు కొన్నాక తమ్ముడి పిల్లలు బోటెక్కారు. చెరువు గట్టున కూర్చుని వాళ్లను కేకలేస్తుంటే, మంకీ క్యాప్ పెట్టుకున్న ముసలాయన ఒకడు నా మాట విని దగ్గరికొచ్చాడు.

"మన పక్క మాట విని శానా దినాలైంది. తినమ్మా," అని కాల్చిన మొక్కజొన్న కంకి చేతిలో పెట్టాడు. రెండు గింజలు కొరికి, పేరడిగాను.

"జమ్మలమడుగు పక్క ఓబన్నంటే తెలీనోళ్లు లేరు. ఈడ ఎవురికీ తెలీదు. మనవరాలితో నిమ్మళంగా తిరుగుతాండా."

మా ఆయనను నరికించిన ఓబన్న! తొమ్మిదేళ్లుగా పేరు వినడమే, ముఖం చూడటం ఇవాళే. కంకి నీళ్లలోకి వదిలేశాను. చేయి జారిందనుకుని నవ్వాడు. రేపు కాఫీకి రమ్మని రూము నంబరు కూడా చెప్పాడు.

మింగిన ఆ రెండు గింజలు ఇంకా గొంతులోనే ఉన్నట్టున్నాయి.

మరిదికి ఒక్క ఫోన్ చేస్తే జీపు బయల్దేరుతుంది. కానీ ఆనాడు మా ఆయన్ని నరుకుతుంటే నేను చూసింది, ఆ మనవరాలు చూడకూడదు. అలాగని వాణ్ణి నిమ్మళంగా తిరగనిస్తానా?

రేపు వెళ్తాను. ఎవరి భార్యనో చెప్పి ఎదురుగా కూర్చుంటాను. పగవాడి గడపలో మా వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరని వాడికి తెలుసు. ఆ కాఫీ చల్లారేదాకా కప్పు ముట్టను, కదలను. అంతసేపూ వాడు నా ముఖం చూడాలి.