మేనత్తకు పట్టుచీర

ఉప్పల్‌లో ఉన్న వదినకు, నాచారం నుంచి మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

మన ప్రణీత పెండ్లి మే నెలలో, నారపల్లి తోటలో, పగలు పన్నెండున్నరకు. చుట్టాలకు టెంటు వేయిస్తున్నాం. మండపం మీద మాత్రం ఆకాశమే ఉండాలని పిల్ల కోరిక. ఎండలకని ఆడవాళ్లందరికీ నూలు చీరలే తీసుకున్నాను.

మీకు మాత్రం ఈ ఉత్తరంతోపాటు కంచిపట్టు పంపుతున్నాను. ఒళ్లంతా జరీ, మంచి బరువు. రవిక మోచేతుల దాకా కుట్టించాను. "గా ఎండల మా అక్క ఉడికిపోతదే" అన్నాడు మీ తమ్ముడు. "మేనత్తకు పట్టు పెట్టకపోతే నలుగురు ఏమంటరు?" అన్నాను.

మన ఇంటి ఆనవాయితీ మీకు తెలిసిందే. తలంబ్రాలు అయ్యేదాకా మండపం పక్కన దీపం పట్టుకొని నిలబడాల్సింది మేనత్తే. దీపం ఆరిపోకూడదని కూలర్లన్నీ టెంటు వైపు తిప్పమని చెప్పాను.

మీ కొడుకు పెండ్లిలో, ఆ ఏసీ హాలులో, అందరికీ పట్టుచీరలు పంచి నా చేతిలో నూలు చీర పెట్టారు. "నువ్వెట్లాగూ వంటలకాడ్నే ఉంటవ్ గదా, గిదైతే హాయిగుంటది" అన్నారు. మీ వియ్యపురాలు పకపకా నవ్వింది. నేను ఆ చీర కట్టుకొనే అందరికీ వడ్డించాను.

దాన్ని ఇన్నేళ్లూ జాగ్రత్తగా దాచాను. నిన్న ఉతికి గంజి పెట్టాను. ప్రణీత పెండ్లికి నేను కట్టుకోబోయేది అదే.

మీరన్నది నిజమే వదినా, చాలా హాయిగా ఉంటుంది.

మీ మరదలు