మూడు దారుల దగ్గర గుమ్మడికాయ

నగరి

వరదమ్మక్కకు, ఎడమ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి కుడి చేత్తో సగం నమస్కారం మాత్రమే పెట్టి తమ్ముడు తులసీరాం రాస్తున్నది.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. మా ఇంట్లో నేను ఫోను ఎత్తితే నీ మరదలు ఉదయలక్ష్మి గ్రైండరు ఆపేసి మరీ వింటుంది. నువ్వు ఆసుపత్రికి వచ్చిన రోజు కూడా ఆమె నా మంచం పక్క నుంచి కదల్లేదు. అందుకే అసలు విషయం చెప్పలేకపోయాను. నేను పడలేదక్కా. నన్ను పడేశారు.

అమావాస్య నాడు బండి తీయొద్దని ఉదయలక్ష్మి మొత్తుకున్న మాట నిజమే. మన నగరిలో అరవవాళ్ళకు అది మంచిరోజే కదా అని బయలుదేరాను. మా అమ్మాయి పూజిత తన మొదటి జీతంతో కొనిచ్చిన స్కూటర్ నీకు చూపించకుండా ఎన్నాళ్ళుంటాను? పుత్తూరు దాటాను, రేణిగుంట చేరాను, దీపాలు పెట్టే వేళకు మీ వీధి మొదట్లో మూడు దారులు కలిసే చోట మలుపు తిప్పాను. అంతే, బండి ఒక దిక్కు, నేను ఒక దిక్కు.

కళ్ళు తెరిస్తే చొక్కా నిండా ఎరుపు. పక్కన తెల్లగా, మెత్తగా ఏదో ముద్ద. నా మెదడే బయటికి వచ్చేసిందనుకుని దాన్ని రెండో చేత్తో దగ్గరికి పోగుచేసుకోబోయాను. ఇంతలో మీ ఎదురింటి వెల్డింగ్ ఖాదర్ బాషా వచ్చి, "లెయ్ అన్నా, నీ తలకాయ హెల్మెట్లోనే ఉండాది. ఇది గుమ్మడికాయ, ఇది కుంకుమ" అన్నాడు.

ఇక్కడే నాకు అనుమానం. ఆ మనిషి అంత తొందరగా ఎట్లా వచ్చాడు? చేతిలో నీళ్ళ చెంబు కూడా ఉంది. నేను పడతానని ముందే తెలియకపోతే చెంబు ఎందుకు నింపుకున్నాడు?

ఉదయలక్ష్మి బండి తాళం దాచేసింది. "రోడ్డు మీద అంత గుమ్మడికాయ కనబడని మనిషికి బండెందుకు? ఎవురు కొట్టినారో తేల్చు, అప్పుడిస్తా" అంటోంది. తాళం రాకపోతే నా గతి తెలుసు కదా? మళ్ళీ మా పక్కింటి ధనంజయ బండి వెనక సీటే. ఆయన వక్కాకు ఎడమ పక్కకు ఉమ్మితే గాలి దాన్ని వెనక్కే తెస్తుంది. అరవై దాటాక నాకంటూ ఒక బండి దొరికింది, దాన్ని పోగొట్టుకోలేను. నువ్వే విచారించి చెప్పాలి. లోకంలో నేను అనుమానించని మనిషివి నువ్వొక్కదానివే.

ఇట్లు,
పడేయబడ్డ నీ తమ్ముడు,
తులసీరాం

తా.క.: ఇది చదివి చింపెయ్యి. ముక్కలన్నీ ఒకే చోట పారెయ్యకు.

•

రేణిగుంట

చిరంజీవి తులసీరాంకు, నీ చెయ్యి తొందరగా అతుక్కోవాలని దీవిస్తూ అక్క రాస్తున్నది.

ఖాదర్ బాషాను అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా? చెంబు నమాజుకు ముందు చేతులు కడుక్కోవడానికి నింపుకున్నాడట. ఆ నీళ్ళు నీ మొహం మీద చల్లి, కొట్టు మూసి, నీ తల ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య ఆయిషా బీ నీకోసం రెండు పూటలు చారు కాచి పంపింది. ఆయన కట్టుకున్న లుంగీ మీ మగ్గం మీదదేనట. "అంత కుంకుమ పడినా ఉతికితే పోయినాది, మీ తమ్ముని నేత మంచిదే" అని మెచ్చుకున్నాడు కూడా.

ఎవరో గుమ్మడికాయ కొట్టారు, నువ్వు జారావు, హెల్మెట్ ఉండబట్టి బతికావు. బతికినవాడు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి గానీ ఈ ఆరాలెందుకు? వదిలెయ్యి.

నీ మేలు కోరే
అక్క వరదమ్మ

తా.క.: చదివి చింపమన్నావు కదా. కంగారులో ముందే సగం చింపి, తర్వాత అన్నం మెతుకులతో అతికించుకుని చదివాను.

•

నగరి

అక్కకు, నొప్పితోనూ అంతకు మించిన ఆలోచనతోనూ తమ్ముడు రాస్తున్నది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిన్నప్పుడు నా పలకబలపం పోతే దొంగ దొరికేదాకా వీధి వీధంతా తిరిగిన దానివి నువ్వు. నువ్వా "వదిలెయ్యి" అనేది? నిన్ను ఎవరో బెదిరిస్తున్నారు. అవునైతే వచ్చే ఉత్తరంలో "వానలు బాగున్నాయి" అని రాయి, నాకు అర్థమవుతుంది.

ఖాదర్ బాషాను వదిలేశాను. లుంగీని మెచ్చుకున్నవాడు చెడ్డవాడు కాడు. ఇప్పుడు నా అనుమానమంతా ధనంజయ మీద. నా స్కూటర్ ఇంటికొచ్చిన రోజు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, "బాగుండాదప్పా, జాగర్త" అన్నాడు. ఎవరైనా బాగుందని ఊరుకుంటారు. జాగ్రత్త ఎందుకు అన్నట్టు? నేను వెనక సీటు ఖాళీ చేసినప్పటి నుంచి ఆయనకు మాట్లాడే దిక్కు లేదు.

నా దగ్గర సాక్ష్యం ఉంది. బండి ముందు భాగంలో ఇరుక్కున్న గుమ్మడికాయ చెక్క ఒకటి తెచ్చుకున్నాను. కుంకుమంతా కడిగి, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో అట్టడుగున దాచాను. శుక్రవారం బస్సులో వచ్చి మీ వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆ చెక్క చూపించి అడుగుతాను.

ఇట్లు,
నిద్ర పట్టని నీ తమ్ముడు

తా.క.: ఉత్తరం అంటించబోతుండగా భోజనానికి పిలిచారు. ఉదయలక్ష్మి ఫ్రిజ్ సర్దిందట. సాక్ష్యాన్ని పప్పేసి కూటు వండేసింది. నోరెత్తితే గుట్టు బయటపడుతుందని తినేశాను. కొబ్బరి బాగా పడింది, రెండోసారి కూడా వేయించుకున్నాను.

•

రేణిగుంట

తమ్ముడికి అక్క దీవెనలు.

శుక్రవారం రావద్దు. శనివారం కూడా వద్దు. చెయ్యి కట్టులో పెట్టుకుని బస్సెక్కితే కుదుపులకు ఎముక కదులుతుంది. పైగా నువ్వు గుమ్మం గుమ్మానికీ తిరిగితే రేపటి నుంచి ఈ వీధిలో నేను తలెత్తుకోగలనా?

ధనంజయ నగరిలో కూర్చుని రేణిగుంటలో గుమ్మడికాయ ఎలా కొడతాడురా? అమావాస్య నాడు ఎవరు కొట్టరు? మా వీధి మొదట్లో టిఫిన్ సెంటరు పెట్టిన లోకేశ్వరి కొడుతుంది. ఆమే అని నేను అనడం లేదు. కొట్టేవాళ్ళలో ఆమె కూడా ఒకతె అని మాత్రమే అంటున్నాను. నువ్వు ఆమెను ఏమీ అడగవద్దు.

నాకెవరి బెదిరింపూ లేదు. ఇక్కడ వానలు బాగున్నాయి. అయ్యో, ఈ మాట రాయకూడదు కదా! నిజంగానే వాన పడుతోందిరా, దండెం మీద బట్టలన్నీ తడిసిపోయాయి.

అక్క వరదమ్మ

తా.క.: ఆ కూటు ఎంత తిన్నావు? నిజం చెప్పు. ఒంట్లో ఎలా ఉంది? కడుపులో ఏమైనా తిప్పుతోందా? పూజిత చేత ఉప్పు, మిరపకాయలు తిప్పించుకో. ఎందుకని అడగకు.

•

నగరి

అక్కకు, గెలుపు వాకిట్లో నిలబడి తమ్ముడు రాస్తున్నది.

నా కడుపుకేం, రాయి తిన్నా అరుగుతుంది. అసలు సంగతి విను. అడగొద్దన్నావు గానీ నూలు కొట్టు ఫోనులోంచి లోకేశ్వరిని అడిగేశాను. ఆమె నన్ను కడిగి ఆరేసింది. "నా కాయ నేను పొద్దన్నే కొట్టి, చిమ్మి, కడిగి ముగ్గేసినాను. మా అంగడికి కెమెరా ఉండాది. నీకు పంపిస్తా సూసుకో. సూసినాక ఫోన్ చేసి నాకు సారీ చెప్పాల" అంది.

పంపించింది అక్కా! సంజె వెలుతురులో ఒక ఆడమనిషి వస్తుంది. మొహం కనబడదు, వీపు మాత్రమే. కాయ చుట్టూ ఏదో తిప్పుతుంది, కాదు, దేని చుట్టూనో కాయను తిప్పుతుంది. దాన్ని రోడ్డు నడిమధ్యన పగలగొట్టి చక్కా పోతుంది. ఆమె నాలుగడుగులు వేసేసరికి వెనక నేను వస్తాను, జారుతాను, గాల్లో లేస్తాను. ఆ మనిషి తిరిగి కూడా చూడదు! ఎంత రాతి గుండె అక్కా ఆమెది? కట్టుకున్న చీర చిలకపచ్చ, మామిడి పిందెల అంచు. అది మా మగ్గం చీరే. నా చీర కట్టుకుని నన్నే పడగొట్టింది! నడక కూడా ఎక్కడో చూసినట్టే ఉంది.

ఉదయలక్ష్మిని పిలిచి చూపించాను. చూస్తూ చూస్తూ ఆమె మొహం మాడిపోయింది. లోపలికి పోయి, తిరిగొచ్చి, తాళం నా చేతిలో పెట్టింది. "ఇంగ ఈ సంగతి వదిలెయ్, పో" అంది. వెంట ఒక లోటా కాఫీ. నేను అడగకుండా ఈ ఇంట్లో కాఫీ వచ్చి ఎన్నాళ్ళయింది! నాకు తాళం వచ్చిందన్న సంతోషం కూడా లేదు. ఆమెకీ, ఆ పచ్చ చీర మనిషికీ ఏదో ఉంది. కెమెరా బొమ్మను పెద్దది చేయించి పోలీసులకు ఇద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

ఇట్లు,
తాళం ఉన్నా మనసు నిలవని
తులసీరాం

తా.క.: పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, నీకూ అలాంటి చీరే పంపాను కదా? అది జాగ్రత్తగా దాచు. ఆ దొంగది నీ దండెం మీద నుంచే ఎత్తుకుపోయి ఉండొచ్చు.

•

రేణిగుంట

నా బంగారు తమ్ముడికి, దీవించే ధైర్యం లేని అక్క రాస్తున్నది.

చీర ఎక్కడికీ పోలేదురా. నా ఒంటి మీదే ఉంది. ఆ రోజూ నా ఒంటి మీదే ఉంది.

నువ్వు బండెక్కగానే ఉదయలక్ష్మి నాకు ఫోను చేసింది. "వదినా, సెప్తే ఇనకుండా అమావాస పూట పోతా ఉండాడు. ఊరి కండ్లన్నీ ఆ బండి మీదనే. ఆయన వచ్చే దారిలో, మూడు దార్లు కలిసేకాడ దిష్టి తీసిపెట్టు" అని ఏడ్చింది. నువ్వు ఇంకా రాలేదు కదా, ఎవరి చుట్టూ తిప్పాలి? పూజిత నా ఫోనుకు పంపిన, నువ్వు బండి మీద కూర్చున్న ఫోటో ఉంది. దాని చుట్టూ తిప్పి కొట్టాను. ముక్కలు పక్కకు తోయాలని నాకు తెలుసు. తోయాలంటే వెనక్కి తిరగాలి. దిష్టి తీశాక వెనక్కి తిరిగి చూస్తే అది మళ్ళీ వెంటపడుతుంది కదా!

నాలుగడుగులు వేశానో లేదో, వెనక "ఓరి నాయనో, సచ్చినానే!" అని ఒక కేక. దిష్టి అరుచుకుంటూ పోతోందని పొంగిపోయాను. అచ్చం నీ గొంతే. నీ దిష్టి కదా, నీ గొంతుతోనే అరుస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నీకోసం పాయసం పెట్టాను.

ఆసుపత్రిలో ఖాదర్ బాషా గుమ్మడికాయ అనగానే అది నా కాయేనని తెలిసిపోయింది. ఉదయలక్ష్మి అడిగితే మా గుమ్మం ముందే కొట్టానని అబద్ధం చెప్పాను. నీ కెమెరా బొమ్మలో నా వీపు చూసి ఆమె గుర్తుపట్టేసింది. చోటు చెప్పింది తనే అని కూడా గుర్తొచ్చింది. అందుకే తాళం, అందుకే కాఫీ. నిన్న ఇద్దరం ఫోనులో చాలాసేపు ఏడ్చాము, తర్వాత ఎందుకో నవ్వొచ్చి ఆగలేదు. ఆమెను ఏమీ అడగకు. తాళం నీదే, ఇక ఎవరూ తీసుకోరు. ధనంజయకు ఒకసారి నీ వెనక సీటు ఇవ్వు పాపం, జాగ్రత్త అని ఆయన మంచికే అన్నాడు.

నన్ను మాత్రం నువ్వు అనుమానించనేలేదు. ఆ మాట తలుచుకుంటే ఏడుపు ఆగడం లేదురా. కోపం వస్తే నన్నే తిట్టు. తిట్టి, ఒక్కసారి వచ్చి పో. పాయసం మళ్ళీ పెడతాను.

నీ చిలకపచ్చ చీర అక్క,
వరదమ్మ

తా.క.: నీ దిష్టిని నువ్వే కొబ్బరితో సహా రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు కాబట్టి అది మొత్తం మళ్ళీ నీ లోపలికే పోయిందని ఉదయలక్ష్మి బెంగ. వచ్చే అమావాస్యకు ఇంకో కాయ కొట్టమంది. సరేనన్నాను. ఏమైనా కానీ, ఈసారి వెనక్కి తిరిగి చూస్తాను.