ఒడిలో పెట్టే చేతులు

వికారాబాద్,
ఆగస్టు 1958.

తాండూరులో ఉన్న అత్తమ్మకు కోడలు ఈశ్వరమ్మ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. క్షయ దవాఖానలో ఉన్న మనిషి ఎంత బాగుండాలో అంత బాగున్నాను. అక్కడ మీరు, బావ, ఇంద్రమ్మక్క, నా కొడుకు బాల్‌రాజ్ చల్లగా ఉన్నారని తలుస్తాను.

గుడ్డు తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. మొదట్లో కక్కొచ్చేది, ఇప్పుడు అలవాటైంది. జ్వరం సాయంత్రం పూట వస్తూనే ఉంది. సూదిమందు ఇంకా ఆపలేదు.

పోయిన నెల మీరు బాల్‌రాజ్‌ను తెచ్చినప్పుడు కంచె అవతలే నిలబెట్టారు. నేను చెయ్యి చాపితే ఇంద్రమ్మక్క వాణ్ని వెనక్కి గుంజుకున్నది. "జర దూరముండు చెల్లె, పిలగానికి అంటుతది" అన్నది. డాక్టరు కూడా అదే మాట అంటాడు కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడు మాత్రం "పెద్దమ్మా, గామె ఎవరు?" అన్నాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

ఇప్పుడేమో వాణ్ని బావకు దత్తత ఇయ్యమని రాశారు. తండ్రి పోయిన పిల్లవాణ్ని తల్లి ఒప్పుకొని, తన చేతులతో ఒడిలో పెడితేనే దత్తత చెల్లుతుందని వకీలు చెప్పాడట. తలంటు పోసుకొని, కొత్త చీర కట్టుకొని ఒక్క పూట వచ్చిపొమ్మన్నారు. అంటుతుందని కంచె ఇవతల ఆపిన చేతులకు ఆ ఒక్క పూట రోగం ఉండదా అత్తమ్మా?

కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నేను ఇయ్యను. ఆయన పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. అక్క వాణ్ని కడుపులో పెట్టుకొని చూస్తున్నది, పిల్లల్లేని ఆమె బాధ నాకు తెలియనిది కాదు. నేను బాగై వచ్చేదాకా సాకండి, జన్మంతా మీ కాళ్ళు మొక్కుతాను. నేనే లేకుండా పోతే వాడు ఎటూ మీ దగ్గరే ఉంటాడు. అంతలోనే తొందరెందుకు?

ఒక మాట రాయాలా వద్దా అనుకుంటూ ఇంతదాకా వచ్చాను. నిన్న దవాఖానలో ఎవరికీ చెప్పకుండా స్టేషనుకు పోయాను. మీ మాటకు ఒప్పుకొని తాండూరు బండి ఎక్కుదామనే పోయాను. ఇయ్యడానికైనా వాణ్ని ఒక్కసారి ఎత్తుకోవచ్చు గదా అని ఆశ పుట్టింది. బెంచీ మీద కూర్చొని, ఎట్లా ఎత్తుకోవాలి, అక్క ఒడిలో ఎట్లా పెట్టాలి అని మనసులోనే చేసి చూసుకున్నాను. ఎత్తుకోవడం వచ్చింది. దించడం రాలేదు. బండి వచ్చి పోయింది.

ఇట్లు,
బాల్‌రాజ్ తల్లి
ఈశ్వరమ్మ