షోకేసులో ఐదు స్పీకర్లు

ఆదివారం రాత్రి, మేడ్చల్

ఇంటికి వచ్చినవాళ్లకు కొత్త హోమ్ థియేటర్ కనబడాలని నాయిన ఐదు స్పీకర్లకూ బొట్లు పెట్టి షోకేసులో టీవీ పక్కనే వరుసగా నిలబెట్టాడు. వాటిలో రెండు చూసేవాళ్ల వెనక ఉండాలని దాంతో వచ్చిన పుస్తకంలో చదివాను. చెప్పే ధైర్యమే చాలలేదు.

ఇవాళ దేవరయాంజాల్ నుంచి చిన్నాయన వచ్చి, ఫైటింగ్ సినిమా కాసేపు చూసి పెదవి విరిచాడు. "ఏందన్నా, గీ డబ్బాల కోసమా గింత పరేషాన్? మా పాత టీవీ గిట్లనే మోగుతది."

"రేపు వాపస్ ఇచ్చేస్త తియ్," అన్నాడు నాయిన. ఆయన ముఖం చిన్నబోయింది. చూడలేకపోయాను.

"రెండు వెనక పెట్టాలె నాయినా," అన్నాను. గొంతు నాకే వినబడలేదు. మళ్లీ చెప్పాను.

"వెనక పెడితే ఎవలకు కనవడ్తయ్ బిడ్డా?" అంటూనే రెండింటిని తీగలతో సహా మా వెనక గోడ దగ్గరికి మార్చాడు.

అదే ఫైటు మళ్లీ వేశాం. రౌడీల జీపు మా వెనక మొదలై, చెవుల పక్కగా దూసుకుపోయి తెర మీదికి చేరింది. అవ్వ కాళ్లు మంచం మీదికి లాక్కుని, "ఎవడ్రా, ఇంట్లకు బండి తోలెటోడు!" అని తిట్టింది. చిన్నాయన వెనక్కి తిరిగి గోడను చూశాడు. పగిలిన అద్దం పెంకులు రాలడం విడివిడిగా వినబడింది. ఫైట్లంటే వట్టి గోల అనుకునేదాన్ని. దెబ్బ ఎటునుంచి వస్తుందో చెవికి ముందే తెలిస్తే గుండె ఇంతగా కొట్టుకుంటుందని ఇవాళే తెలిసింది!

"మా బిడ్డ పెట్టింది," అని నాయిన ఫోన్లో అందరికీ చెప్పాడు. చిన్నాయన కూడా కొంటాడట. నేనే వెళ్లి అమర్చాలట. రెండు షోకేసులో పెట్టకూడదని చిన్నమ్మకు ఎలా చెప్పాలో... వాళ్ల షోకేసు మా దానికన్నా పెద్దది.